బ్యాంకు లాయరు చూశాడు సరే, నువ్వు చూశావా?

ఇల్లు నచ్చిందన్నావు. సంతోషం నాయనా. వాస్తు చూపించావు, మేస్త్రీని తీసుకెళ్లి గోడలు తట్టించి చూశావు, బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో కనుక్కున్నావు. కోడలు పిల్ల వంటగది కొలతలు కూడా తీసుకుందట. మరి కాగితాలో అంటే, "లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు లాయరు చూస్తాడుగా బాబాయ్, ఆయన సరేనన్నాడంటే టైటిల్ క్లియరే" అన్నావు. అందుకే కూర్చోమంటున్నా. ఆ చెప్పులు అక్కడ విప్పు. ఈ మాట విన్నాకే వెళ్దువుగాని.

నేను చెప్పేది రెండు ముక్కలే. బ్యాంకు లాయరుకి చూపించడం మంచిదే, కాకపోతే బయానా చేతులు మారకముందే చూపించు. అదొకటి. ఆయన చూసేది బ్యాంకు కోసం, కాబట్టి నీ కోసం నువ్వు చూసుకోవడం మానకు. ఇది రెండోది. తిప్పి తిప్పి ఈ రెండే చెప్తా, విసుక్కోకు.

ప్రతి బ్యాంకుకీ తన లాయర్ల జాబితా ఒకటుంటుంది. ప్యానెల్ అంటారు. మన చుట్టపు లాయరు ఎంత పేరున్నవాడైనా సరే, ఆ జాబితాలో లేకపోతే ఆయన రాసిచ్చిన ఒపీనియన్‌ని బ్యాంకు పక్కన పెట్టేస్తుంది. మళ్లీ వాళ్ల లాయరుకి ఫీజు కట్టాలి, మళ్లీ జిరాక్సుల కట్ట మోసుకెళ్లాలి, మళ్లీ రోజులు లెక్కపెట్టుకోవాలి. ఒక బ్యాంకు ప్యానెల్‌లో ఉన్నాయన ఇంకో బ్యాంకుకి పనికిరాకపోవచ్చు. అందుకని ఏ బ్యాంకులో లోను తీసుకుంటావో ముందు తేల్చుకో. మీ వైపు కాగితాలు ఎవరు చూస్తారని ఆ బ్రాంచిలో అడుగు, చెప్తారు.

ఇక్కడే మీ తరం తొందర బయటపడుతుంది. మనవైపు వరస ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఇల్లు చూస్తారు, మధ్యవర్తి "ఇంకో పార్టీ రేపొస్తున్నారు" అంటాడు, ఆ సాయంత్రమే బయానా ఇచ్చేస్తారు. మూడు నెలల గడువు పెట్టి అగ్రిమెంటు రాసుకుంటారు. ఆ తర్వాత బ్యాంకుకి వెళ్తారు. లాయరు ఏదో కాగితం తక్కువైందంటాడు. అమ్మేవాళ్లు "మా దగ్గర ఉన్నవి ఇవే" అంటారు. గడువు దాటుతుంది. "గడువులోపు మిగతా డబ్బు కట్టలేదు, బయానా ఇవ్వం" అని వాళ్లు, "కాగితాలు సరిగ్గా లేనిది మీవి" అని నువ్వు. పెద్దమనుషుల్లో పంచాయితీ. ఎవరూ మోసగాళ్లు కాకపోయినా పగ మిగులుతుంది.

అదే పని తిరగేసి చెయ్యి. ముందు జిరాక్సులు, తర్వాత లాయరు, ఆ తర్వాత బయానా. ఆగలేని పరిస్థితే వస్తే చిన్న మొత్తం ఇచ్చి, అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించు: బ్యాంకు లాయరు హక్కు సరిగా లేదంటే బయానా మొత్తం వాపసు ఇవ్వాలని. అమ్మేవాడి కాగితాలు బాగుంటే ఆ వాక్యానికి వాడు జంకడు. జంకాడంటే అదే నీకు సగం జవాబు.

"రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు అయ్యాయంటే గవర్నమెంటు ఒప్పుకున్నట్టేగా" అనకు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నమోదు చేసేది దస్తావేజుని, హక్కుని కాదు. సబ్ రిజిస్ట్రార్ నిషేధిత జాబితా చూస్తాడు, స్టాంపు చూస్తాడు, వచ్చినవాళ్లు వాళ్లేనా అని చూస్తాడు. అమ్మేవాడికి అసలు అమ్మే హక్కుందా అని మూడు తరాలు వెనక్కి వెళ్లి చూడటం ఆయన పని కాదు. ఆ పని కొనేవాడిది. అంటే నీది.

ఇక రెండోది. బ్యాంకు లాయరు ఎవరి కోసం చూస్తాడు? గుంటూరు మిర్చి యార్డులో పెద్ద వ్యాపారి సరుకు కొనేటప్పుడు చూశావుగా. టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున ఉన్న కాయ తీస్తాడు, తొడిమ చూస్తాడు, విరిచి గింజ చూస్తాడు. అంత జాగ్రత్తా తన ఆర్డరు కోసం. పక్కన నిలబడి "ఆయన కొన్నాడుగా, మనమూ కొందాం" అన్నవాడికి తాలు కాయలు అంటగడితే దానికి ఆ వ్యాపారి పూచీ పడతాడా? బ్యాంకు లాయరూ అంతే. ఫీజు నీ జేబులోంచే పోతుంది, ఒపీనియన్ మాత్రం బ్రాంచి మేనేజరు పేరున వెళ్తుంది. చాలాసార్లు నీకు కాపీ కూడా ఇవ్వరు.

ఆ ఒపీనియన్ తేల్చేది కూడా ఒక్కటే: ఈ ఆస్తిని తనఖా పెట్టుకుంటే బ్యాంకు అప్పు వసూలవుతుందా అని. ఈ ఇంట్లో నువ్వూ నీ పిల్లలూ నిశ్చింతగా ఉంటారా అనేది వేరే ప్రశ్న. దానికి ఆయన జవాబు రాయడు, ఆయన్ని ఎవరూ అడగలేదు కూడా. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షల లోపు లోనుకి ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వకూడదు. మిగతా సొమ్ము నీది. అది మీ నాన్న పత్తి అమ్మిన డబ్బు, మీ అత్తగారు కూతురికి పెట్టిన బంగారం. రేపు టైటిల్ తిరగబడితే ముందు పోయేది అదే. బ్యాంకుకి ఇల్లు పోయినా నువ్వున్నావు, నీ జీతముంది, జామీను పెట్టినవాడున్నాడు. ఇల్లు నిలబడి నువ్వు కట్టలేకపోతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి స్వాధీనం చేసుకునే దారి కూడా ఉంది. నీకు ఇల్లు పోతే ఎవరున్నారు? సివిల్ కోర్టు ఉంది, వాయిదాలున్నాయి, కిస్తీ మాత్రం ప్రతి నెలా కడుతూనే ఉండాలి.

లాయరు తప్పు చూస్తే ఆయన్ని పట్టుకోవచ్చుగా అంటావేమో. హైదరాబాద్ కేసు ఒకటి చెప్తా. విజయా బ్యాంకు నారాయణగూడ బ్రాంచిలో 22 మందికి ఇచ్చిన ఇళ్ల లోన్ల మీద సీబీఐ కేసు పెట్టింది, బ్యాంకుకి 1.27 కోట్ల నష్టమని. ఒపీనియన్ ఇచ్చిన ప్యానెల్ లాయరుని కూడా ముద్దాయిగా చేర్చింది. ఆయన మీద కేసుని హైకోర్టు కొట్టేసింది. సీబీఐ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2012 సెప్టెంబరు 21న సుప్రీంకోర్టూ హైకోర్టు మాటే ఖాయం చేసింది. మోసంలో చెయ్యి కలిపాడని ఆధారం ఉండాలి గానీ, ఒపీనియన్ తప్పని తేలినంత మాత్రాన లాయరుని నేరస్థుడు అనకూడదంది. న్యాయమైన మాటే. ప్రతి పొరపాటుకీ జైలంటే ఏ లాయరూ కలం పట్టడు. కానీ నువ్వు అర్థం చేసుకోవాల్సింది ఇది: ఫీజు పుచ్చుకున్న బ్యాంకు లాయరు మీద నష్టపోయిన బ్యాంకు తరఫున పెట్టిన కేసే నిలబడలేదు. ఆయన క్లయింటువే కానప్పుడు నీ సంగతేమిటి?

2025 జనవరిలో మధ్యప్రదేశ్ కుటుంబ ఆస్తి తగాదా ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉమ్మడి స్థలాన్ని బంధువు ఒకాయన ప్లాట్లు వేసి అమ్మాడు, కొన్నాయన దాన్ని బ్యాంకులో తనఖా పెట్టాడు. లోన్లు ఇచ్చేముందు టైటిల్ పరిశీలన ఒక పద్ధతి ప్రకారం జరగాలని, రిజర్వు బ్యాంకూ మిగతావాళ్లూ కలిసి ఆ పద్ధతి తయారు చెయ్యాలని ఆ తీర్పులో కోర్టు చెప్పింది. అంటే పరిశీలన అన్నిచోట్లా ఒక్క తీరుగా జరగడం లేదని పై కోర్టుకే అనిపించింది. మరి నువ్వు కళ్లు మూసుకుని నమ్ముతానంటే ఎలా?

డాలస్‌లో ఇల్లు కొన్న మీ పెద్దమ్మ కొడుకుని అడుగు. అక్కడ టైటిల్ ఇన్సూరెన్సు రెండు రకాలు, అప్పిచ్చినవాళ్లకి ఒకటి, ఇల్లు కొన్నవాళ్లకి ఒకటి. మొదటిది ఉన్నంత మాత్రాన కొన్నవాడికి రక్షణ రాదు, రెండోది విడిగా తీసుకోవాలి. ఇంగ్లండులోనైతే ప్యానెల్‌లో ఉన్న లాయరు మామూలుగా బ్యాంకుకీ కొనేవాడికీ ఇద్దరికీ పని చేస్తాడు, ఇద్దరికీ జవాబుదారీ. మన దగ్గర ఆ రెండూ వాడుకలో లేనట్టే. కాబట్టి బ్యాంకు లాయరుకి తోడు, నీకంటూ ఇంకో లాయరు ఉండాలి. ఇల్లంత ఖర్చులో ఆ ఫీజు ఎంత? గృహప్రవేశం భోజనాల్లో రెండు కూరలు తగ్గిస్తే సరి.

ఇప్పుడు నీ పని. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీయించు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఈసీ కాగితం చేతికొచ్చాక తీరుబడిగా కూర్చుని చదువు. ఒక గడిలో ఆస్తి వివరం, హద్దులు ఉంటాయి. ఒక గడిలో తేదీలు, ఒక గడిలో అది క్రయమా, దానమా, తనఖానా అని, విలువ ఎంత అని. ఇంకో గడిలో పేర్లు. పేరు పక్కన ఈఎక్స్ అని ఉంటే రాసిచ్చినవాడు, సీఎల్ అని ఉంటే రాయించుకున్నవాడు. పెన్సిలు పట్టుకుని పాతదాని నుంచి కొత్తదానికి రా. మొన్న సీఎల్‌గా ఉన్న పేరే తర్వాతి క్రయంలో ఈఎక్స్‌గా రావాలి. ఎక్కడన్నా సంబంధం లేని పేరు అమ్మినట్టు కనిపిస్తే అక్కడ వేలు పెట్టి ఆగు. ఆయనకి ఈ ఆస్తి ఎలా వచ్చింది? వీలునామానా, పంపకమా, వారసత్వమా? ఆ కాగితం చూపించేదాకా కదలకు. పాత డోరు నంబరు మీదా, కొత్త డోరు నంబరు మీదా, సర్వే నంబరు మీదా విడివిడిగా తీయించు. ఒక నంబరు మీద కనపడని తనఖా ఇంకో నంబరు మీద బయటపడుతుంది. ఎప్పుడన్నా ఒంగోలు ఇల్లు చూస్తే, దాని వెనకటి దస్తావేజులో గుంటూరు జిల్లా అని ఉంటే మాత్రం కంగారు పడకు. 1970లో జిల్లా విడిపోకముందు అది గుంటూరు జిల్లానే.

ఈసీ శుభ్రంగా ఉందని మురిసిపోకు కూడా. అందులో కనపడనివే ఎక్కువ ప్రమాదం. నోటిమాటగా చేసుకున్న పంపకాలు రావు. రిజిస్టరు చెయ్యని వీలునామా రాదు. కోర్టులో నడుస్తున్న దావా చాలాసార్లు రాదు. ఒరిజినల్ కాగితాలు ఎవరి దగ్గరో పెట్టి తెచ్చుకున్న అప్పు కూడా రాకపోవచ్చు. మనవైపు సంగతి నీకు చెప్పాలా? విత్తనాలకీ పురుగుమందులకీ డబ్బు కావాల్సి వచ్చి, ఇంటి కాగితాలు తెలిసినవాళ్ల బీరువాలో పెట్టినవాళ్లు ఎంతమంది లేరు. అందుకే "ఒరిజినల్ ఎక్కడో పోయిందండీ, సర్టిఫైడ్ కాపీ ఉంది" అన్నమాట వినపడిందంటే చెవులు రిక్కించు. నిజంగా పోయిందా, ఎక్కడన్నా భద్రంగా ఉందా? పోలీసు ఫిర్యాదు ఏది, పేపర్లో ప్రకటన ఏది? తనఖాలు నమోదు చేసే సెర్సాయి అని కేంద్రం పెట్టిన సంస్థ ఒకటుంది, 2011 నుంచి పని చేస్తోంది. అందులో కూడా వెతికించు.

ఆడపిల్లల సంతకాల దగ్గర ఇంకా జాగ్రత్త. తండ్రి పోయాడు, కొడుకులిద్దరూ వచ్చి అమ్ముతున్నారు, చెల్లెలు తెనాలిలో కాపురముంది అనుకో. "ఆమెకి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటారు. ఇచ్చినదానికి కాగితం ఉందా? తండ్రి స్వార్జితమైతే, వీలునామా రాయకుండా పోతే, 1956 నుంచే కూతురికి సమాన వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి మన రాష్ట్రం 1985లోనే వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం కూతుళ్లందరికీ ఇచ్చింది, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు అది పుట్టుకతో వచ్చే హక్కని తేల్చి చెప్పింది. కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగు. అందులో ఉన్న ప్రతి పేరూ దస్తావేజులో సంతకం పెట్టాలి, లేదంటే హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. ఒక ఆడపిల్ల కన్నీళ్ల మీద గృహప్రవేశం చేసుకోకూడదు నాయనా. చట్టం మాట అటుంచు, అది మన ఇంటికి మంచిది కాదు.

స్థలం కొని కట్టుకుందామనుకుంటే ఇంకో చిక్కు. 2014లో రాజధాని మాట వచ్చాక గుంటూరు చుట్టూ పొలాల్లో రాళ్లు పాతి ప్లాట్లన్నారు. లేఅవుటుకి అనుమతి ఉందా, ఆ సర్వే నంబరు 22-ఏ అనే నిషేధిత జాబితాలో ఉందా, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూమా అని అడుగు. 1977 చట్టం అలాంటి భూమి అమ్మకాన్ని చెల్లదంది. 2023లో ఆ చట్టాన్ని సవరించారు, మరుసటి ఏడాది ఆ సవరణ కింద రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఇలా మారుతూ ఉండేదాన్ని మధ్యవర్తి నోటిమాట మీద కొంటావా?

ఇప్పటికే ఇల్లున్నవాళ్లకీ ఒక మాట. వడ్డీ తక్కువని లోను ఇంకో బ్యాంకుకి మార్చుకుంటారు. మంచిదే. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి లోను ముందుగా తీర్చినందుకు జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకి చెప్పింది. కానీ కొత్త బ్యాంకు లాయరు మళ్లీ మొదటి నుంచి చూస్తాడు. "పాత బ్యాంకు ఒప్పుకుందిగా" అని ఆయనతో వాదన పెట్టుకోకు. మొదటాయన వదిలేసింది ఈయన పట్టుకున్నాడంటే నీకే మేలు. హద్దుల్లో తప్పో, పేరులో తేడానో ఉంటే, అమ్మినవాళ్లు బతికుండగా, ఊళ్లో ఉండగా సవరణ దస్తావేజు రాయించుకో. పాత అప్పు తీరాక ఒరిజినల్సు 30 రోజుల్లోపు ఇవ్వాలని, ఆలస్యానికి బ్యాంకుదే బాధ్యతైతే రోజుకి 5,000 రూపాయలు నీకివ్వాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశమిచ్చింది. కాగితాలు ఇచ్చేటప్పుడు ఏవేవి ఇచ్చావో జాబితా మీద బ్యాంకు సంతకం తీసుకో, తెచ్చుకునేటప్పుడు ఆ జాబితాతోనే సరిచూసుకో. తనఖా రిజిస్టరై ఉంటే విడుదల కూడా రిజిస్టరు చేయించు. లేకపోతే తీరిపోయిన అప్పు ఈసీలో అలాగే కూర్చుంటుంది, రేపు నీ పిల్లల్ని ఇబ్బంది పెడుతుంది.

చివరగా ఒకటి అడుగుతా. లాయరు వద్దన్నాడనుకో, ఏం చేస్తావు? చాలామంది ఇంకో లాయరు దగ్గరికి, ఇంకో బ్యాంకుకి తిరుగుతారు, ఎవరో ఒకరు సరేననేదాకా. ఇల్లు కళ్లలో పడ్డాక కాగితాలు కనపడవు. నువ్వు ఫీజు ఇచ్చింది సరేననిపించుకోవడానికి కాదురా అబ్బాయ్, నిజం తెలుసుకోవడానికి. ఎందుకు వద్దంటున్నారో అడుగు. దిద్దుకోగలిగేది అయితే అమ్మేవాళ్లే దిద్దించుకుని రావాలి. కాకపోతే వదిలెయ్. మనవైపు ఇళ్లకేం కరువు.

ఈ ఆదివారం అమ్మేవాళ్లింటికి వెళ్లినప్పుడు ధర మాట ఎత్తకు. "మీ జిరాక్సుల సెట్టు ఇవ్వండి, లాయరుకి చూపించి వస్తాం" అను. ఇచ్చారంటే బ్యాంకు లాయరు దగ్గరికి వెళ్లు, ఆయన దగ్గర్నుంచి నీ లాయరు దగ్గరికి వెళ్లు, ఆ తర్వాత బయానా సంగతి మాట్లాడదాం, నేనూ వస్తా. "ముందు బయానా ఇవ్వండి, కాగితాలదేముంది" అన్నారంటే మాత్రం, ఆ కోడలు పిల్ల రాసుకున్న వంటగది కొలతల చీటీ చించి పారెయ్యమను.